గాజుతొట్టిలో చిన్నచేపల పొత్తు

అశ్వారావుపేట చెంత పెదవాగు గట్టున నిలిచి చూచిన సోదరీమణు లెఱుగుదురు: పరిగెపిల్లలు గుంపు వీడి తిరుగవు. గుంపే వానికి రక్ష. ఇంట గాజుతొట్టి నుంచుకొనువారు ఈ సంగతి మఱచుటవలననే అందు కలహములు పుట్టుచున్నవి.

మన దేశపు సెలయేళ్లదైన జీబ్రా డానియోను గాని, తూర్పుద్వీపములనుండి వచ్చిన టైగర్ బార్బును గాని రెండుమూడింటినే తెచ్చి విడిచినచో, బలముగలది తక్కినవానిని తరిమి వాజములు కొఱుకును. తప్పు దానిదే యని వేఱుచేయుదుము. అది దయగాదు, ఒంటరియైన చేప బెదరి మూలనొదిగి మేత మానును. దానికి వలసినది శిక్షగాదు, తోడు.

డానియోలు ఆఱింటికి తక్కువ గాకుండవలయును. బార్బులు ఎనిమిది పదియైన మేలు. అపుడు పోరు పలువురిలో పంచుకొనబడి, ఒక్కదాని ప్రాణము మీదికి రాదు. బార్బులకు మూడడుగుల పొడవు తొట్టి కావలయును. వెనుక నీటిమొక్కలు నాటి, ముందు ఈదుటకు చోటు విడువుడు. పొడవైన వాజములుగల గప్పీల నందు చేర్పకుడు. వారమున కొకసారి నాల్గవవంతు నీరు మార్చుడు. క్లోరిన్ పోగొట్టని కుళాయినీరు పోయకుడు.

విసుగుపుట్టెనని తొట్టిచేపలను వాగులో విడువరాదు. పరదేశపు చేపలవలన అచ్చటి పరిగెలకు చేటు గలుగవచ్చును. ఆఱింటికి చోటులేని యింట ఒక్కదానిని తేకుండుటయే నిజమైన దయ.