గుస్సాడి టోపీ అమ్మకం బొమ్మ కాదు: మన గేమ్ కవర్ మీద ఎవరుండాలి?

 

మన ఆదిలాబాద్ తమ్ముళ్ళు తాము చేస్తున్న గేమ్‌కి మూడు కవర్ బొమ్మలు గ్రూపులో పెట్టి, ఏది బాగుందో చెప్పమన్నారు కదా. ఎక్కువ మంది మొదటిదానికే ఓటేశారు. నేను మూడోదానికి వేశాను. ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగారు. కామెంట్‌లో చెప్తే సరిపోదనిపించి ఈ పోస్టు రాస్తున్నా. పెద్దదే, కాస్త ఓపికగా చదవండి.

ఆ పోస్టు చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గేమ్‌లో ఒక గోండు అమ్మాయి ఉంటుంది. వానాకాలం రాత్రి, వంతెన లేని వాగు దాటి వెళ్ళి, జ్వరంతో ఉన్న తమ్ముడికి మందులు తేవాలి. చేతిలో ఒక లాంతరు. చమురు అయిపోయేలోపు ఇంటికి చేరాలి. యుద్ధం లేదు, చంపడం లేదు. ఇక బొమ్మలు. మొదటిదాంట్లో నెమలి ఈకల గుస్సాడి టోపీ పెట్టుకున్న మగమనిషి, చేతిలో బల్లెం, వెనక మంటలు, పక్కన పులి. రెండోదాంట్లో నల్లటి నేపథ్యం మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, అంతే. మూడోదాంట్లో అమ్మాయి, లాంతరు, వాగు, చుట్టూ బోలెడన్ని చెట్లు.

మొదటిదానికి ఓటేసినవాళ్ళ వాదన నాకు అర్థమైంది. "స్టోర్‌లో వేల గేములుంటాయి. ఆదివాసీల గేమ్ అని ఒక్క చూపులో తెలియాలి. టోపీ, బల్లెం, పులి ఉంటేనే బయటోళ్ళు ఆగి చూస్తారు." ఇందులో సగం నిజముంది. కవర్ బొమ్మ మనకోసం కాదు, మనల్ని ఎరగనివాళ్ళ కోసమే. వేలితో పైకి తోసుకుంటూ పోయే మనిషిని ఒక్క క్షణం ఆపడమే దాని పని. కానీ ఆ ఆపే పని కూడా మొదటి బొమ్మ చేయలేదు. ముందు అది చెప్తా, టోపీ సంగతి తర్వాత.

స్టీమ్‌లో గేమ్ పెట్టాలంటే ఒక్క బొమ్మ చాలదు. పెద్దది, అడ్డంగా ఉండేది, నిలువుగా ఉండేది, చిన్నది, ఇలా చాలా సైజులు అడుగుతారు. లైబ్రరీలో నిలువు బొమ్మ 600×900 పిక్సెళ్ళు. చిన్న బొమ్మ 462×174లో ఇస్తాం, దాన్ని స్టీమ్ ఇంకా కుదించి 184×69, 120×45 సైజుల్లో కూడా చూపిస్తుంది. 120×45 అంటే మన బొటనవేలి గోరంత అనుకోండి. మొదటి బొమ్మని ఆ సైజుకి కుదించి చూశాను. మంటల్లో ఈకలు కలిసిపోయాయి, పులి ఒక పసుపు మచ్చ అయింది, పేరు చదవలేకపోయాను. కంప్యూటర్ నిండా పెట్టుకుని చూస్తే ఘనంగా ఉన్న బొమ్మ అసలు దుకాణంలో ఏమీ కాకుండా పోయింది. అందుకే ఆ చిన్న బొమ్మలో పేరే దాదాపు మొత్తం నిండాలని స్టీమ్ వాళ్ళే సలహా ఇస్తారు.

"అవార్డు గేమ్", "50 శాతం తగ్గింపు" లాంటి మాటలు కవర్ మీద రాద్దామని ఒకన్న అన్నాడు. అది కుదరదు. 2022 సెప్టెంబర్ నుంచి స్టీమ్‌లో కవర్ మీద గేమ్ బొమ్మ, గేమ్ పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప వేరే రాతలు ఉండకూడదన్నది నియమం. నా దృష్టిలో మనలాంటోళ్ళకి అది మేలే. డబ్బున్నోళ్ళు పొగడ్తలు అతికించుకోలేరు, బొమ్మతోనే మాట్లాడాలి.

రెండో విషయం, కవర్ ఒక మాట ఇవ్వడం లాంటిది. బల్లెం, పులి చూసి వచ్చినోడు వేట ఉంటుందనుకుని కొంటాడు. లోపల వాన, వాగు, లాంతరు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్‌లో డబ్బులు వెనక్కి అడగొచ్చు. ఆడు అడుగుతాడు. పోతూ పోతూ "మోసం" అని రివ్యూ రాసి పోతాడు. అదే సమయంలో, ఇలాంటి నిదానమైన, భయం భయంగా సాగే గేమ్ కోసం వెతికేవాళ్ళు ఆ బల్లెం చూసి ముందే పక్కకి జరిగిపోతారు. రెండు వైపులా నష్టమే.

ఇప్పుడు టోపీ సంగతి. గుస్సాడి టోపీ వేషం కాదు. దండారి రోజుల్లో, దీపావళి దగ్గర, పూజ చేసి, నియమాలతో పెట్టుకునేది. అది పెట్టుకున్న మనిషిని ఊరు మామూలు మనిషిలా చూడదు. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చిందంటే, ఆయన ఆ ఆటని జీవితమంతా పట్టుకుని పిల్లలకి నేర్పినందుకే. ఆయన 2024లో మనల్ని విడిచి వెళ్ళారు. గేమ్‌లో దండారి లేదు, గుస్సాడి లేడు. లేనిదాన్ని అమ్మకం కోసం తెచ్చి అట్ట మీద అతికిస్తే, సినిమావాళ్ళు మన మీద చేసేదానికీ మనం చేసేదానికీ తేడా ఏముంది? సినిమాల్లో ఆదివాసి అంటే ఈకలు, పూసలు, బల్లెం, మంట చుట్టూ గంతులు అని ఏళ్ళ తరబడి చూపించారు. హాస్టల్‌లో, కాలేజీలో ఆ ఎగతాళి పడనివాళ్ళు మనలో ఎంతమంది? అదే బొమ్మని మన చేత్తో గీసి, మన పేరు పెట్టి, ప్రపంచమంతటికీ పంపుదామా?

మొదటి బొమ్మ ఏఐతో చేశామని తమ్ముళ్ళే చెప్పారు. జాగ్రత్తగా చూడండి, ఆ మనిషి మెడలో పూసలు ఎక్కడివో, ఒంటి మీద గీతలు ఏ ఖండానివో మనకే తెలియదు. "ట్రైబల్" అని టైపు చేస్తే అందరినీ కలిపి ఒక ముద్ద చేసి ఇస్తుంది. పైగా ఏఐతో చేసినవి వాడితే ఆ సంగతి చెప్పాలని 2024 జనవరి నుంచి స్టీమ్ అడుగుతోంది, దాన్ని గేమ్ పేజీలో కొనేవాళ్ళకి చూపిస్తుంది. మన ఊరి కథ అని చెప్పి, దాని ముఖాన్ని మెషిన్ గీసిందని రాసుకోవాల్సి వస్తుంది.

అలాగని రెండో బొమ్మ కూడా వద్దంటాను. అది ఇంకో రకం భయం. "ఆదివాసీ అని తెలిస్తే కొనరేమో, దాచేద్దాం" అన్నట్టుంది. మనం ఈకల్లో దూరిపోనక్కర్లేదు, నల్ల గోడ వెనక దాక్కోనూ అక్కర్లేదు.

దీనికి మంచి ఉదాహరణ ఒకటుంది. అలాస్కాలోని ఇనుపియాట్ ఆదివాసుల కథతో 2014లో "నెవర్ అలోన్" అనే గేమ్ వచ్చింది. అక్కడి కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ దాని వెనక ఉంది. దాదాపు 40 మంది స్థానిక పెద్దలు, కథలు చెప్పేవాళ్ళు, సముదాయం మనుషులు అందులో పాలుపంచుకున్నారు. కథ ఇనుపియాట్ భాషలోనే వినిపిస్తుంది. కవర్ మీద ఏముంది? మంచు కోటు వేసుకున్న చిన్నపిల్ల, తెల్ల నక్క. బల్లేల గుంపు లేదు. గేమ్‌లో మనం ఆడేది ఆ ఇద్దరినే, కవర్ మీదా వాళ్ళే. ఆ పిల్ల కోటు చలిలో బతికేవాళ్ళ రోజువారీ బట్ట, ప్రదర్శన కోసం వేసుకున్నది కాదు. అయినా చూడగానే ఎక్కడి పిల్లో తెలుస్తుంది. పేరు కూడా గమనించండి. ఇంగ్లీషు పేరుతో పాటు "కిసిమా ఇంగిచునా" అని వాళ్ళ భాషలో పేరుంది. 2015లో ఆ గేమ్‌కి బాఫ్టా తొలి గేమ్ అవార్డు వచ్చింది.

"ఆడపిల్ల కవర్ మీదుంటే అమ్ముడుపోదు" అన్న కామెంట్ కూడా చూశాను. "ద లాస్ట్ ఆఫ్ అస్" గేమ్ చేసినవాళ్ళకీ ఇదే చెప్పారు, ఎల్లీ అనే అమ్మాయిని కవర్ వెనక్కి జరపమన్నారు. వాళ్ళు ఒప్పుకోలేదు. 2013లో ఆ అమ్మాయి ముందు వైపే ఉండి గేమ్ బయటికొచ్చింది. 2018 నాటికే కోటిన్నరకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. కవర్ వల్లే అమ్మిందని నేననను. అమ్మాయి ఉన్నందుకు ఆగిపోలేదని మాత్రం గట్టిగా అంటాను.

కాబట్టి మూడో బొమ్మే ఉండాలి, కానీ ఇప్పుడున్నట్టు కాదు. తమ్ముళ్ళూ, మీ బొమ్మలో అమ్మాయి చాలా చిన్నగా ఉంది, చెట్లు చాలా ఎక్కువ. ఆ చెట్లు తీసేయండి. అమ్మాయిని దగ్గరికి తెచ్చి, లాంతరు వెలుగు ముఖం మీద పడనివ్వండి. చుట్టూ నీలం చీకటి, మధ్యలో ఒకే పసుపు వెలుగు. గోరంత సైజులో కూడా ఆ వెలుగు కనపడుతుంది. మోకాళ్ళదాకా నీళ్ళు చూపిస్తే వాగు అని ఎవరూ చెప్పక్కర్లేదు. చీర కట్టు, చేతుల మీద పచ్చబొట్లు మన అమ్మమ్మలవి ఎలా ఉంటాయో అడిగి గీయండి. ఆ పిల్ల ఎక్కడిదో అవే చెప్తాయి.

పేరు పెద్దగా, మందమైన అక్షరాల్లో. గేమ్ పేరు గోండి మాటే కాబట్టి ఇంగ్లీషు అక్షరాల కింద గుంజాల గోండి లిపిలో కూడా రాయండి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, నోటో ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. మన గుంజాలలో పాత రాతప్రతుల్లో దొరికిన అక్షరం స్టీమ్ దుకాణంలో కనపడితే చాలు, టోపీ అక్కర్లేదు. మరీ చిన్న సైజులో మాత్రం ఒకే లిపి ఉంచండి, లేకపోతే రెండూ చదవలేం.

చివరిగా ఒక మాట. మన గ్రూపులో ఓట్లతో దీన్ని తేల్చకండి. మనకి గేమ్ కథ తెలుసు, బొమ్మలో లేనిది కూడా మనకి కనపడుతుంది. గేమ్ గురించి ఏమీ తెలియని పదిమందికి, పాత ఫోన్‌లో, ఇరవై వేరే కవర్ల మధ్య పెట్టి రెండు సెకన్లు చూపించండి. "ఇది ఏం గేమ్ అనుకుంటున్నావ్?" అని అడగండి. "ఎవరో పిల్ల, రాత్రి, నీళ్ళు, ఇంటికి పోవాలి" అన్నారంటే కవర్ పని చేసినట్టే. తర్వాత అదే బొమ్మని ఊరికి తీసుకెళ్ళి పెద్దోళ్ళకి చూపించండి. వాళ్ళు "ఈ పిల్ల మనదే" అనాలి. ఈ రెండు చోట్లా నిలబడిన బొమ్మనే పెట్టండి.

వేరే అభిప్రాయం ఉన్న అన్నలు, అక్కలు కింద రాయండి, మాట్లాడుకుందాం. జోహార్.