లక్ష కిలోమీటర్ల తర్వాతే అసలు పరీక్ష

షోరూమ్‌లో తళతళలాడే కారు చుట్టూ తిరిగేవాళ్లు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటుంది: రెండు లక్షల కిలోమీటర్లు తిరిగాక దీని సంగతేంటి? స్విఫ్ట్ డిజైర్ విషయంలో మాత్రం జవాబు చెప్పేవాళ్లకు కొదవలేదు. ఈ కారు 2008 మార్చిలో మార్కెట్లోకి వచ్చింది. హైదరాబాద్‌లో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారిందీ ఆ నెలలోనే. ఆ కొత్త విమానాశ్రయం బయట క్యాబ్‌ల వరుసలో ఏళ్ల తరబడి ఎక్కువగా కనిపించిన బండ్లలో డిజైర్ ఒకటి. తొలి కార్లకు 2023లోనే 15 ఏళ్లు నిండాయి. అయినా వాటిలో చాలా ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి.

అందం గురించి అప్పట్లో మెచ్చుకున్నవాళ్లు తక్కువ. స్విఫ్ట్‌కు వెనక డిక్కీ అతికించినట్టుందన్నారు. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. కానీ ఆ అతుకు డిక్కీలో 440 లీటర్ల చోటుండేది, పెళ్లి సామానుతో సహా పట్టేది. 2006 బడ్జెట్లో 4 మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింది. పన్ను లాభం కోసం 2012లో డిజైర్ తోక కత్తిరించుకుని 3,995 మిల్లీమీటర్లకు కుదించుకుంది. డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. పాత మోడల్ యజమానులు ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటారు.

పొగడ్తల్లో పెద్ద వాటా మాత్రం డీజిల్ ఇంజిన్‌దే. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ అది. పుంటో, లీనియా, ఇండికా విస్టా, మాంజా, రిట్జ్ అన్నిటికీ అదే గుండె. అందుకే సరదాగా ‘నేషనల్ ఇంజిన్’ అన్నారు. టైమింగ్ బెల్టు బదులు చైన్ ఉండడం దీని ప్రత్యేకత. కాబట్టి ఫలానా కిలోమీటర్లకు బెల్టు మార్చాలన్న బెడద లేదు. ఆయిల్ సకాలంలో మారిస్తే రెండు, మూడు లక్షల కిలోమీటర్ల దాకా ఇంజిన్ విప్పే పనే ఉండదని ట్యాక్సీలు నడిపేవాళ్లు అంటారు. ఆ ‘అయితే’లోనే అసలు కథంతా ఉంది. ఆయిల్ మార్చడం పదేపదే వాయిదా వేసిన బండిలో చైన్ సాగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. హైవే మీద గంటల కొద్దీ పరిగెత్తించి, ధాబా ముందు ఆగీ ఆగగానే తాళం తిప్పేస్తే, కాలే వేడి మీదున్న టర్బోకు ఆయిల్ అందదు. నిమిషం సేపు ఇంజిన్‌ను ఊరికే తిరగనివ్వండని మెకానిక్‌లు మొత్తుకునేది అందుకే.

ఫిర్యాదుల్లో మొదటిది క్లచ్. ఈ ఇంజిన్ పూర్తి బలం 2,000 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది, అంతకు ముందు నీరసం. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మీటరు మీటరుకూ ఆగి కదిలే డ్రైవరు ఆ నీరసాన్ని సగం నొక్కిన క్లచ్‌తో దాటేస్తాడు. దాంతో ప్లేట్లు అరుగుతాయి. అదే బండి విజయవాడ హైవే మీద తిరిగితే క్లచ్ రెట్టింపు కాలం వచ్చినా ఆశ్చర్యం లేదు. ఒకే కారుకు ఒకరు దండం పెడితే మరొకరు శాపనార్థాలు పెట్టడానికి కారణం చాలాసార్లు ఈ తేడానే. నగరంలో నెమ్మదిగా తిరిగే డీజిల్ బండికి మసి పట్టి ఈజీఆర్ వాల్వ్ మూసుకుపోవడమూ ఆ కోవలోదే. సస్పెన్షన్ బుష్‌లు, లింక్ రాడ్లు, ఏసీ కాయిల్ మన గుంతలూ ధూళీ వసూలు చేసుకునే మామూలు పన్నులు. కంపెనీ తప్పులూ లేకపోలేదు. కనెక్టింగ్ రాడ్ బోల్టు లోపంతో 2011లో స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ డీజిల్ కార్లు 13,157 వెనక్కి పిలిపించారు. పెట్రోలు డిజైర్ గురించి మాత్రం పెద్దగా చెప్పుకునే కథల్లేవు. నిజానికి అదే దానికి పెద్ద సర్టిఫికెట్.

డీజిల్ మోజుకు కారణం ఇంజిన్ ఒక్కటే కాదు. 2012లో ఢిల్లీలో లీటరు పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య తేడా 30 రూపాయలు దాటింది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక ఆ లెక్క మారింది. బీఎస్-6 నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్‌తో మారుతి డీజిల్ కార్లనే ఆపేసింది. కాబట్టి ఇప్పుడు డీజిల్ డిజైర్ కావాలంటే పాతదే గతి. ఇక్కడే జాగ్రత్త అవసరం. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలొచ్చాక ఢిల్లీ బండ్లు చౌకగా దక్షిణాదికి దిగాయి. ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకుంటే ఆ చౌక కాస్తా కరిగిపోవచ్చు. పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు పెట్టుకున్న మాజీ ట్యాక్సీలూ ఉంటాయి. మీటరు 70,000 అంటుంది. అరిగి నున్నబడ్డ పెడల్ రబ్బరూ కుంగిన డ్రైవరు సీటూ ఇంకేదో అంటాయి.

ఇంజిన్ మన్నికను మెచ్చుకునేవాళ్లు తరచూ మరిచే సంగతి ఇంకొకటుంది. తొలి డిజైర్లలో చౌక రకాలకు ఎయిర్‌బ్యాగులు లేవు. దేశంలో అన్ని కొత్త కార్లకూ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యింది 2019 జూలైలో. 2024లో వచ్చిన డిజైర్ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 స్టార్లు తెచ్చుకుంది. పాత ఇంజిన్ ఎంత గట్టిగా ఉంటే, ఆ రక్షణ లేని కారు అంతకాలం కుటుంబాన్ని మోస్తూనే ఉంటుంది. మెకానిక్ షెడ్డులో ఈ లోటుకు మరమ్మతు లేదు.

అయినా వదులుకునేవాళ్లు తక్కువే. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో రూ. 600 నుంచి రూ. 5,000కు పెరిగింది. ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఆ మొత్తమంతా కలిపినా కొత్త కారు వాయిదాల ముందు ఏపాటి అంటూ తొలి తరం యజమానులు కాగితాలు పట్టుకుని ఆర్టీఏ కార్యాలయానికి వెళ్తూనే ఉన్నారు. వాళ్ల దగ్గర కొనేవాళ్లు బేరానికి మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామున వెళ్లడం మంచిది. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్‌ను తామే స్టార్ట్ చేసి, మొదటి పది సెకన్లు చైన్ చప్పుడు వినాలి. బండి అప్పటికే వేడెక్కి ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పడమే నయం.