క్లీనరు సీటు మనకెక్కడిది?

లారీ నడపడం మగపిల్లలకి ఎవరు నేర్పుతారు? చాలామందికి ఏ బడీ నేర్పదు. కుర్రవాడు క్లీనరుగా ఎక్కుతాడు. అద్దాలు తుడుస్తాడు, వెనక నిలబడి 'రైట్... రైట్' అని అరుస్తాడు, డ్రైవరు భోజనానికి దిగితే బండి నాలుగడుగులు ముందుకీ వెనక్కీ జరిపి చూస్తాడు. రెండు మూడేళ్లు తిట్లు తిని, ఒకటో రెండో గోడలు గుద్ది, ఆఖరికి స్టీరింగు పడతాడు. మరి అమ్మాయికి ఆ క్లీనరు సీటు ఎవరిస్తారు?

ఓపెన్‌కాస్టు గనుల్లో భారీ యంత్రాలు నడపడానికి రమ్మని 2025లో సింగరేణి సంస్థ తన మహిళా ఉద్యోగులను పిలిచింది. ఇలాంటి కబురు వినగానే 'ఆడవాళ్ల వల్ల అవుతుందా?' అనేస్తాం. మనమే అనేస్తాం! బలం మాట పక్కన పెట్టండి. నూరు టన్నులు మోసే డంపరుకి స్టీరింగు తిప్పేది చేతి కండ కాదు, హైడ్రాలిక్ వ్యవస్థ. కావలసింది చూపు, నిదానం, అలవాటు. ఆ అలవాటు దగ్గరే మనకు చిక్కు.

ఇక్కడే సిమ్యులేటరు అక్కరకొస్తుంది. అచ్చం డంపరు క్యాబిన్ లాగే ఉంటుంది. ఎదుట తెరల మీద గని రోడ్డు, కింద కదిలే పీఠం. శిక్షకుడు ఒక మీట నొక్కితే వాన, మరొకటి నొక్కితే రాత్రి. దిగుడులో లోడుతో వస్తుంటే బ్రేకు పోయిందనుకోండి, ఏం చేస్తారు? నిజమైన బండి మీద ఆ పాఠం చెప్పించుకోవడానికి ఎవరికి గుండె చాలుతుంది! మట్టి దిబ్బ అంచున కట్ట దాటి వెనక్కి పోతే నిజం గనిలో ప్రాణం పోతుంది, ఇక్కడ తెర ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెట్టొచ్చు. చుట్టూ నవ్వేవాళ్లూ ఉండరు. (ఈ ఉపాయం కొత్తదేం కాదు. పైలట్ల కోసం 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ ఇలాంటి పెట్టె తయారుచేశాడు. వాళ్ల నాన్నది పియానోలు, ఆర్గన్ల ఫ్యాక్టరీ. ఆ ఆర్గన్ల తిత్తులే దాన్ని ఊపేవి!)

అయితే తెర మీద దుమ్ము కళ్లలో పడదు. ఎనిమిది గంటల కుదుపు నడుముకి తెలియదు. డంపరు పక్కనే జీపు ఆగి ఉన్నా పైనున్న డ్రైవరుకి కనిపించకపోవచ్చునన్న భయం ఒంటికి పట్టేది గనిలోనే. కాబట్టి సిమ్యులేటరు తర్వాత అనుభవమున్న ఆపరేటరు పక్కన కూర్చుని నిజమైన బండి నేర్పాల్సిందే.

అసలు నా భయం మరొకటి. తండ్రో భర్తో పోయాక కారుణ్య నియామకం కింద గనిలో చేరిన ఆడపిల్లలకు దక్కింది చాలావరకు ఊడవడం, ఫైళ్లు మోయడం. 1952 నాటి గనుల చట్టం రాత్రి ఏడు దాటాక ఆడవాళ్లని గనిలో ఉండనివ్వలేదు. 2019లో ఆ కట్టు సడలించారు, ఓపెన్‌కాస్టులో రాత్రి షిఫ్టుకి లిఖితపూర్వక అంగీకారం ఉండాలన్నారు. 2024 డిసెంబరులో జార్ఖండ్‌లోని నోవాముండి ఇనుప గనిలో ఒక షిఫ్టు మొత్తం ఆడవాళ్లే నడిపారు కూడా. ఇక శిక్షణ ఇచ్చి, ఫొటో తీయించి, మళ్లీ చీపురే చేతికిస్తే ఎలా?

శిక్షణకి వెళ్లే అమ్మాయిలూ, సిగ్గుపడకండి. సిమ్యులేటరు మీద ఎన్ని గంటలో, గనిలో టాయిలెట్ ఎంత దూరమో, ఏ తేదీ నుంచి ఏ బండి మీద డ్యూటీయో ముందే కాగితం మీద రాసిమ్మని అడగండి.