కూతగాడిని బయటి నుంచి తెచ్చే ముందు ఒక్కసారి లెక్క వేయండి



సంక్రాంతి దగ్గర పడుతోంది. కోతలు అయ్యాయో లేదో, రచ్చబండ దగ్గర కబడ్డీ పోటీల మాట మొదలైంది. ఈసారీ పాత పాటే. "తలా కొంత చందా వేద్దాం, బయటి నుంచి మంచి రైడర్లను ఇద్దరిని తెద్దాం, కప్పు మనదే" అంటున్నారు. ఆరేళ్ళుగా మన ఊరి జట్టు మంచిచెడ్డలు చూస్తున్నవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా. ఆ డబ్బు దండగ. కప్పు వచ్చినా దండగే. ఎందుకంటున్నానో చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

ముందు లెక్క చూద్దాం. పూర్తి ఆట అంటే 20 నిమిషాల చొప్పున రెండు సగాలు. ఒక్కో కూతకు 30 సెకన్లు. నిండా వాడుకుంటే మొత్తం 80 కూతలు. అందులో 40 మనవి, 40 వాళ్ళవి. ఊరి పోటీల్లో టైము తగ్గించినా వాటా మాత్రం సగం సగమే. అంటే సగం ఆట మన పని కూతకెళ్ళడం కాదు, వచ్చినవాణ్ణి పట్టడం. డబ్బిచ్చి తెచ్చిన రైడరు ఆ సగంలో ఏం చేస్తాడు? మన దగ్గరకు వచ్చినవాళ్ళలో చాలామంది వెనక్కి తగ్గి, తాను ఔటవకుండా చూసుకున్నవాళ్ళే.

ఇంకో సంగతి. పట్టు పడితే బోర్డు మీద పెరిగేది ఒక్క పాయింటే. కానీ అదే దెబ్బకు వాళ్ళ రైడరు బయట కూర్చుంటాడు, కూర్చున్న మనవాడొకడు లేచి లోపలికొస్తాడు. వాళ్ళు మనవాణ్ణి ఎవరినైనా ఔట్ చేసేదాకా వాళ్ళ రైడరు లేవలేడు. బోనస్ గీత తొక్కి తెచ్చిన పాయింటుకు మనవాడు ఎవరూ లోపలికి రాడు. బోర్డు మీద రెండూ ఒకటే అంకె, బరిలో మాత్రం ఒకటి కాదు.

పెద్ద ఆటల్లోనూ ఇదే చూశాం. ఆసియా క్రీడల్లో 1990 నుంచి 2014 దాకా మగవాళ్ళ కబడ్డీ బంగారం ప్రతిసారీ మనదే. 2018లో జకార్తాలో సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో మనల్ని ఓడించింది. పేరున్న రైడర్లు మనకు ఉన్నారు. అయినా మొత్తం ఆటలో 18 పాయింట్లు దాటనివ్వలేదు వాళ్ళు.

ఇక పట్టు సంగతి. ముగ్గురు మూడు వైపుల నుంచి ఎవడికి తోచినట్టు వాడు దూకితే రైడరు సందు చూసుకుని గీత ముట్టేస్తాడు, ముగ్గురూ ఔట్. కార్నర్‌లో ఉన్నవాడు మడమ దొరకబుచ్చుకున్నాడంటే, కవర్‌లో ఉన్నవాడు ఆ క్షణమే నడుము మీద పడాలి. తాడు తెంపుకున్న దూడ తోక ఒక్కడే పట్టుకుంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎప్పుడు కదలాలో చెప్పేవాడు ఒక్కడే ఉండాలి. వాడికి గొంతు కాదు, చూపు కావాలి. ఈ పొందిక నెలరోజులు సాయంత్రాలు కలిసి ఆడితే వస్తుంది. భోగి పొద్దున బస్సు దిగినవాడికి రాదు. ఈ మాట బయటివాళ్ళకే కాదు, హైదరాబాదు నుంచి వచ్చే మన పిల్లలకూ వర్తిస్తుంది. వాళ్ళ మీద కోపం లేదు, కానీ రోజూ వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి వాళ్ళను దింపడం న్యాయం కాదు.

చూసే మనమూ కొంత మారాలి. కుర్రాడు ఖాళీగా తిరిగొస్తే గట్టు మీద నుంచి గోల చేసేది మనమే. ఆ గోలకే వాడు తర్వాతి కూతలో లోపలికంటా వెళ్ళి దొరికిపోతాడు. నాలుగు పాయింట్లు ముందున్నప్పుడు 30 సెకన్లూ తిరిగి ఖాళీగా రావడం తప్పు కాదు, అది పనే. డూ ఆర్ డై నిబంధన ఉన్నచోట వరుసగా రెండు కూతలు ఖాళీ పోతే మూడోది పాయింటు తేవాలి, లేదంటే వెళ్ళినవాడు ఔట్. ముందున్నప్పుడు ఆ మూడోదానికి రెండో రైడర్ని పంపమంటాను. వాళ్ళు కాచుకుని ఉంటారు, మొదటివాడు చిక్కితే ఆట తిరగబడుతుంది.

అలాగే మనవాళ్ళు ముగ్గురే మిగిలితే "అయిపోయింది" అని లేచిపోకండి. ముగ్గురు గానీ అంతకు తక్కువ గానీ ఉన్నప్పుడు పడితే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. భయపడి మూలకు నక్కితేనే ఆలౌట్, అవతలివాళ్ళకు ఇంకో రెండు అదనం.

ఈ నిబంధనల్లో ఏవి ఉన్నాయో, ఏవి లేవో టాస్‌కు ముందే రెఫరీని అడిగి ఇద్దరు కెప్టెన్ల ముందూ తేల్చుకోవాలి. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో లాబీ నిబంధన మీద తగాదా వచ్చి, ఇండియా, ఇరాన్ ఆట గంట దాకా ఆగిపోయింది. చివరికి 33-29తో మనం గెలిచాం. అంత పెద్ద పోటీలోనే అలా అయితే, మన ఊళ్ళో అది కర్రల దాకా పోతుంది.

"మంచి రైడరు లేకపోతే మొదటి ఆటలోనే ఇంటికొస్తాం, ఊరి పరువేం కావాలి?" అని అడుగుతున్నారు. నిజమే, ఈ ఏడాది ఓడిపోవచ్చు. కానీ బయటివాణ్ణి దింపిన ప్రతిసారీ మన కుర్రాడొకడు గీత బయట కూర్చుంటున్నాడు. రెండేళ్ళు అలా కూర్చున్నవాడు మూడో ఏడు సాయంత్రం బరి దగ్గరికి రాడు. ఎక్కడికెళ్తాడో, ఎవరితో కూర్చుంటాడో మీకు తెలుసు. ఆరేళ్ళ కింద సాయంత్రం పద్దెనిమిది మంది వచ్చేవాళ్ళు. ఇప్పుడు తొమ్మిది మంది. ఇంకో ఇద్దరు తగ్గితే రిజర్వు కూడా ఉండదు.

చందా వేయొద్దనడం లేదు. వేద్దాం. ఆ డబ్బుతో బరిలో రాళ్ళు ఏరించి మెత్తటి మట్టి తోలిద్దాం, ఒక లైటు పెట్టిద్దాం, పిల్లలకు మోకాలి పట్టీలు కొందాం. సాయంత్రం పూట గుడ్లు, అరటిపళ్ళు పెడదాం. మిగిలితే దెబ్బ తగిలినవాడి ఆసుపత్రి ఖర్చుకు ఉంచుదాం.

ఆదివారం చందా పుస్తకం మీ ఇంటికి వస్తుంది. రాసేముందు ఒక్క మాట అడగండి: రెండు కార్నర్లలో, రెండు కవర్లలో నిలబడే నలుగురూ మన ఊరి పిల్లలేనా? అవునంటే రాయండి, నేనూ రాస్తాను. కాదంటే ఎందుకు కాదో అక్కడే అడగండి. మీ అభిప్రాయం వేరైతే కింద రాయండి, మాట్లాడుకుందాం.