తెర రంగు చెడినంతనే త్రోసివేయవలెనా?

గడచిన విద్యాసంవత్సరమున మా పాఠశాల కంప్యూటరు గదిలో జరిగిన యొక సంగతిని చదువరులకు విన్నవించి, దానినుండి మాకు తోచిన యభిప్రాయమును వెల్లడింపదలచితిమి. సంగతి చిన్నదే. కాని యందు మా తప్పు కొంత యున్నది. ఆ తప్పువలన నొక బాలుడు నిష్కారణముగా మాటపడెను. కావున దీనిని మరుగుపరచుట న్యాయము కాదు.

ఆ గదిలో గోడ నానుకొని యున్న బల్లమీద నొక పాత మానిటరు కలదు. అది నేటి పలుచని తెరల జాతిలోనిది కాదు. వెనుక పెద్ద గాజుగొట్టము గల పూర్వపు రకము. ఒకనాటి యుదయమున దాని తెరమీద తెల్లని పుట తెల్లగా కనబడుట మానెను. కుడివైపున నూదారంగు మచ్చ యొకటి యేర్పడి, దాని ప్రక్కనే యాకుపచ్చని ఛాయ వ్యాపించెను. ముందటి దినము సాయంకాలమున ఆ యంత్రమువద్ద కూర్చుండినవాడు ఎనిమిదవ తరగతి బాలుడు. "నీవేమి చేసితివి?" అని యడిగితిమి. "నేనేమియు చేయలేదండీ" అని వాడు బదులు చెప్పెను. మేము నమ్మలేదు. కొన్ని వారములు వానిని యంత్రము ముట్టనీయలేదు. మానిటరునకు గుడ్డ కప్పి మూలకు చేర్చితిమి. ఇద్దరు కూర్చుండవలసిన చోట ముగ్గురు కూర్చుండి, మూడవవాడు మెడ సాచి చూచుటయే చదువుగా నెంచవలసి వచ్చెను. దానిని పాత సామానుల వర్తకునికి తూకమున కిచ్చివేయుదమను మాటయు పుట్టెను.

రెండు నెలల పిమ్మట వేరొక తెర పూర్తిగా చీకటియైపోగా, గత్యంతరము లేక యీ పాతదానిని ఎదుటి గోడ ప్రక్కనున్న బల్లమీద పెట్టి విద్యుత్తు నిచ్చితిమి. మచ్చ లేదు! తెర పాలవలె తెల్లగా నుండెను. దానిని బాగుచేసినవారెవరును లేరు. ఆశ్చర్యపడి మరల పూర్వస్థానమునకు చేర్చితిమి. చేర్చినంతనే మచ్చ వచ్చెను. అప్పుడు మా విద్యార్థిని యొకతె, "అక్కడ లేని మచ్చ ఇక్కడ నున్నదన్న, తప్పు తెరలో లేదు, ఇక్కడనే యేదో యున్నదండీ" అనెను. చూడగా ఆ బల్లమీద తెర కానుకొని యొక పెద్ద స్పీకరు కలదు. పద్యములు వినిపించుటకై దానిని మచ్చ కనబడుటకు ముందటి దినమున అచ్చట పెట్టితిమి. పెట్టినవారము మేమే.

స్పీకరునకును తెర రంగునకును సంబంధమేమని చదువరులు ప్రశ్నింపవచ్చును. గాజుగొట్టపు తెరకు మూలమైన సాధనమును జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో నిర్మించెను. రంగుల గొట్టమున వెనుకభాగమునుండి మూడు ఎలక్ట్రాన్ ధారలు వెలువడును. తెర లోపలి ముఖమున ఎరుపు, ఆకుపచ్చ, నీలము వెలుగు నిచ్చు పూతలు మిక్కిలి సన్నని చుక్కలుగానో గీతలుగానో వరుసలు తీర్చి యుండును. ఆ పూతలకు కొంచెము వెనుకగా సన్నని రంధ్రములు గల లోహపు రేకు నిలుపబడి యుండును. ఆ రంధ్రములగుండ పోవునప్పుడు ప్రతి ధారయు తనకు విధింపబడిన రంగు పూతమీదనే పడవలెను. అయస్కాంతము దగ్గరకు వచ్చెనేని ధారలు రవంత వంగును. వంగినంతనే ఎరుపును తాకవలసినది ఆకుపచ్చను తాకును, ఆకుపచ్చను తాకవలసినది నీలమును తాకును. ధారలో లోపము లేదు, పూతలో లోపము లేదు. త్రోవ మాత్రము తప్పినది. స్పీకరు లోపల బలమైన యయస్కాంతము గలదని మా తొమ్మిదవ తరగతివారందరును ఎరుగుదురు. పాఠమున చదివినది బల్లమీద గుర్తింపలేకపోయితిమి.

నందికొండవారికి అయస్కాంతము క్రొత్త సంగతి కాదు. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్లాల్ నెహ్రూగారు ఇచ్చట నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఆనకట్ట క్రింది విద్యుత్కేంద్రమున కృష్ణానది నీరు చక్రములను త్రిప్పగా, తీగచుట్టల నడుమ పెద్ద యయస్కాంతములు తిరిగి విద్యుత్తును పుట్టించుచున్నవి. మన యిండ్లలో దీపము వెలిగించు శక్తియే చోటు తప్పి నిలిచినప్పుడు తెరమీద మచ్చ పెట్టుచున్నది. ఇట్టి యంత్రములు మన ప్రాంతమునకు అందరాని వింతలును కావు. కాలువలకు నీరు వదలిన 1967లోనే హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వ సంస్థ స్థాపింపబడి, అటుపిమ్మట కంప్యూటర్లను, టెలివిజన్లను తయారుచేసెను. ఇరుగుపొరుగున తయారైనదాని గుణదోషములను మన పిల్లలు విచారింపలేరనుట వారిని తక్కువ చేయుటయే యగును.

మరి మచ్చ తొలగించు నుపాయమేది? మొదట స్పీకరును దూరము చేయవలెను. ఒక్కొక్కప్పుడు దానిని తీసివేసినను మచ్చ కొంత నిలిచి యుండును. సూదిని అయస్కాంతమున రుద్దినచో సూదియు అయస్కాంతమైనట్లు, లోపలి రేకు ఆ గుణమును పట్టుకొనుటయే యిందుకు కారణము. దానిని పోగొట్టు పనికి గాస్ అను గణితవేత్త పేరుమీదుగా డీగాసింగు అను పేరు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రువుల అయస్కాంతపు మందుపాతరలనుండి ఓడలను కాపాడుటకై వాని యుక్కు శరీరములకు చేసిన చికిత్సకే ముందుగా ఈ పేరు పెట్టిరి.

రంగుల మానిటర్లలో ఈ చికిత్సకు వలసిన తీగచుట్ట గాజుగొట్టము చుట్టునే యమర్చబడి యుండును. విద్యుత్తు నిచ్చినంతనే ధుమ్మను చిన్న ధ్వనితో బొమ్మ క్షణకాలము కంపించుట మీరు చూచియే యుందురు. అది యీ చికిత్సయే. తీగచుట్టలో ప్రవాహము మొదట బలముగా నటునిటు మారుచు, త్వరలో క్షీణించి శూన్యమగును. ఊగుచున్న యుయ్యెల క్రమముగా నడుమకు వచ్చి నిలిచినట్లు రేకులోని అయస్కాంతగుణమును అణగిపోవును. కాని స్పీకరును ప్రక్కనే యుంచుకొని ప్రతిదినమును ఈ చికిత్స చేసిన ఫలమేమి? మా మానిటరు రెండు నెలలు పనిచేయక యుండి, దూరపు బల్లమీద విద్యుత్తు నందుకొన్నంతనే తన్ను తాను శుభ్రపరచుకొనెను.

ఇందొక మెలకువ గలదు. చికిత్స జరిగిన పిదప లోపలి యుపకరణము వేడెక్కి యుండును. అది చల్లారనిదే మరల పనిచేయదు. కావున మీట నూరక నొక్కుటవలన లాభము లేదు. గోడవద్ద విద్యుత్తు నాపి యరగంట తాళి, మరల నీయవలెను. కొన్ని మానిటర్లలో గుఱ్ఱపు లాడము వంటి గుర్తుగల యేర్పాటు ఈ పనికే యున్నది. భూమియు నొక యయస్కాంతమే గనుక బల్ల దిక్కు మార్చినప్పుడు స్వల్పముగా రంగు మారవచ్చును. అప్పుడును ఇదియే విధానము.

రంగు దోషములన్నియు అయస్కాంతమువలననే కలుగునని మా మాట కాదు. మచ్చ యొక మూలకే పరిమితమై యున్న అయస్కాంతమును అనుమానింపవలెను. తెర యంతయు నొకే ఛాయ తిరిగియున్న కేబులును చూడవలెను. పాత కేబులు కొనయందు 15 పిన్నులకు స్థానములు గలవు. మొదటిది ఎరుపును, రెండవది ఆకుపచ్చను, మూడవది నీలమును తెచ్చును. ఎరుపు రానిచో తెలుపు నీలమును ఆకుపచ్చయు కలిసిన ఛాయగా మారును. ఆకుపచ్చ రానిచో ముదురు గులాబిగా మారును. నీలము రానిచో పసుపుగా మారును. తొందరపడి గ్రుచ్చుటవలన పిన్ను వంగుటయు, మరలు బిగింపక కేబులు వదులగుటయు సాధారణము. పెక్కు కేబుళ్లలో తొమ్మిదవ పిన్ను లేకుండుట మాత్రము దోషము కాదు.

కేబులు సరిగానే యున్నదా, అప్పుడు మానిటరును వేరొక కంప్యూటరునకు తగిలించి చూడవలెను. దోషము మానిటరుతో వెళ్లిన తప్పు మానిటరుది. వెళ్లక నిలిచిన తప్పు కంప్యూటరుది. అక్షరముల యంచులందు ఎరుపు, నీలము గీతలుగా విడివడి కనబడుచుండిన మూడు ధారలును ఒకచోట కలియుట లేదని యర్థము. అది పనివాని చేతిలోనిది. బొమ్మ వణకుచుండిన దగ్గరలో స్టెబిలైజరు గాని, యూపీఎస్ గాని యున్నదేమో చూచి రెండు మూరల దూరము జరుపవలెను. పలుచని పాత తెరలకు ఈ యయస్కాంత బాధ లేదు. అవి యంతటను పసుపు తిరిగిన, వెనుకనుండు దీపము వయసు మీరినదని తలపవచ్చును.

విద్యార్థులారా! ఇక్కడ నొక్క మాట గట్టిగా చెప్పవలసి యున్నది. మేము చెప్పిన పరీక్షలన్నియు మానిటరు వెలుపల చేయునవే. దాని వెనుక మూతను మీరెన్నడును విప్పరాదు. రంగుల గాజుగొట్టమున 20000 వోల్టులకు మించిన పీడనము పుట్టును. విద్యుత్తు నాపి, కేబులు ఊడబెరికిన పిమ్మటను అది కొంతకాలము లోపల నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. తెలిసికొనవలెనను కుతూహలము మంచిదే; దాని కీ హద్దు తప్పనిసరి.

"ఇంత శ్రమయేల? క్రొత్త తెర కొనరాదా?" అని కొందరు పెద్దలు మమ్మడిగిరి. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పాత గాజుగొట్టపు తెర హెచ్చు విద్యుత్తును త్రాగును, బల్లనంతయు ఆక్రమించును, కన్నులకును క్రొత్తదానియంత హాయి నీయదు. గొట్టము నిజముగా నలసి బొమ్మ మసకబారిన పిదప దానిమీద సొమ్ము వెచ్చింపవలెనని మేము చెప్పము. కాని స్పీకరు జరుపుటకును, కేబులు బిగించుటకును ఖర్చేమి? కారణము తెలియకయే క్రొత్తది కొని అదే బల్లమీద, అదే వదులైన కేబులుతో పెట్టిన, అదియు నొకనాడు ఆరోపణకు గురియగును. పాతదానిమీద ప్రేమచేత గాక, విచారింపకుండ తీర్పు చెప్పుట తప్పని యెంచి యిట్లు వ్రాయుచున్నాము.

నందికొండ చెంతనే యిందుకు నిదర్శనము గలదు. సాగరపు నీట మునుగవలసిన నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వరకు పురాతత్త్వశాఖవారు త్రవ్వి పరిశీలించిరి. అన్నిటిని కాపాడుట సాధ్యము కాలేదు. అయినను ఏది విలువగలదో ముందు విచారించి, యిక్ష్వాకుల కాలపు కట్టడములు కొన్నింటిని కొండమీదను, అనుపువద్దను తిరిగి నిలిపిరి. విడువవలసినదానిని విడుచుటకు పూర్వము పరీక్షించుట వివేకము. కట్టడమునకు చెల్లిన న్యాయము చిన్న యంత్రమునకును చెల్లును.

నిజముగా పారవేయవలసి వచ్చినప్పుడును విచారణ కావలెను. ఆ గాజులో సీసము గలదు. వీధిలో దానిని పగులగొట్టి రాగి తీగను తీసికొని మిగిలినది గుంటలో వేసిన, ఆ విషము నేలకును, నీటికిని చేటు. పగులగొట్టువాడు తరచుగా మన పిల్లల యీడు బాలుడే. ఎలక్ట్రానిక్ వ్యర్థములనుగూర్చి మన దేశమున 2012 మే 1వ తేదీనుండి నియమములు అమలులోనికి వచ్చినవి. 2022లో ప్రకటింపబడిన క్రొత్త నియమములు 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి వర్తించుచున్నవి. అనుమతి పొందిన సంస్థకే అట్టి సామాను నప్పగించుట పాఠశాలలకును గృహస్థులకును కర్తవ్యము. తూకమునకు వచ్చు నాలుగు రూపాయలకై దీనిని మరువరాదు.

మా సూచనలు స్వల్పములు. ప్రతి కంప్యూటరు గదిలోను ఒక పుస్తకము వ్రేలాడదీయవలెను. ఏ తెరకు ఏ దోషము ఎప్పుడు కనబడెనో, ఏ పరీక్ష చేసిరో, ఏమి తేలెనో అందు వ్రాయవలెను. ముందటి దినము గదిలో ఏ వస్తువు చోటు మారెనో తప్పక గుర్తింపవలెను. ఈ పరీక్షలు ముగియనిదే ఏ యంత్రమును పనికిరానిదని మూలకు నెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, అవి ముగియనిదే ఏ బిడ్డను దోషియనరాదు. ఇంటియందు ఏ వస్తువైనను చెడినప్పుడు, చివర ముట్టినవానిని దండించుటకు పూర్వము తల్లిదండ్రులు ఈ మాటను స్మరింతురు గాక!

ఆ ఎనిమిదవ తరగతి బాలుడు ఇప్పుడు తొమ్మిదవ తరగతిలో నున్నాడు. వాడు చెప్పినది నిజము, మేమనుకొన్నది తప్పు. తరగతియెదుట వానిని అనుమానించితిమి గనుక తరగతియెదుటనే ఆ మాట చెప్పి, యిప్పుడీ పత్రికాముఖమునను మన్నింపు కోరుచున్నాము. మానిటరు తన పూర్వస్థానముననే యున్నది. స్పీకరు ఎదుటి గోడవద్దకు పోయినది. దోషముల పుస్తకమును వ్రాయు పనిని ఆ బాలుడే కోరి తీసికొన్నాడు. అందు మొదటి పుటమీద మొదటి దోషముగా నీ సంగతియే వ్రాయబడి యున్నది; కారణము అను గడిలో, స్పీకరును పెట్టినవారి పేర్లనుగూడ మేమే వ్రాయించితిమి.