పంటకు దైవం, పణానికి కర్త

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి భూములలో కష్టకాలం వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది "అంతా ప్రారబ్ధం". రెండవది "అత్యాశకు పోయాడు, అనుభవిస్తున్నాడు". పత్తి పురుగుపాలైనా, మిర్చి ధర పడిపోయినా, పంట మీది ధీమాతో కట్టిన మేడ తాకట్టులోనికి పోయినా గ్రామం ఈ రెండింటిలో ఒకదానితో తీర్పు ముగిస్తుంది. మొదటి మాట వేదాంతంలా, రెండవది నీతిబోధలా ధ్వనిస్తాయి. నిజానికి మొదటిది కర్తను దాచివేస్తుంది. రెండవది తక్కిన కారణాలన్నింటినీ దాచి కర్తను ఒంటరిగా బోనులో నిలుపుతుంది. రెండూ శాస్త్రవిరుద్ధాలే. ఏ కారణమూ విచారింపబడదు గనుక, పోయిన ఏటి తప్పు వచ్చే ఏడు మళ్లీ జరగడానికి ఈ రెండు మాటలూ సమానంగా దోహదం చేస్తాయి.

భగవద్గీత 18వ అధ్యాయం ప్రతి కర్మకూ ఐదు హేతువులను నిరూపించింది: అధిష్ఠానం, కర్త, కరణాలు, నానావిధ చేష్టలు, ఐదవదిగా దైవం. శంకరభగవత్పాదులు అధిష్ఠానమంటే శరీరమని వ్యాఖ్యానించారు. దైవం లేదని గీత అనలేదు, దైవమొక్కటే కారణమనీ అనలేదు. ఇన్ని హేతువులుండగా కేవలం ఆత్మనే కర్తగా చూచేవాని దృష్టి అసంస్కృతమని ఆ వెంటనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక పరమార్థంలో అసంగమైన ఆత్మకు కర్తృత్వాన్ని అంటగట్టడాన్ని నిషేధిస్తుంది. వ్యవహారదశలో కూడా దాని అన్వయం స్పష్టమే. ఐదింటిలో ఒక్కదానినే పట్టుకొని తీర్పు చెప్పేవాడు, అది కర్త అయినా దైవమైనా, చూడవలసినదంతా చూడడం లేదు.

ఇక ప్రారబ్ధశబ్దానికి అర్థమేమి? ఫలమివ్వడం ఆరంభించిన పూర్వకర్మ ప్రారబ్ధం. అది విల్లు విడిచిన బాణం వంటిదని ఆచార్యులు దృష్టాంతం చెప్పారు. కర్మవిపాకం జాతి, ఆయుస్సు, భోగం అనే మూడు రూపాలుగా ఉంటుందని పతంజలి నిర్దేశించాడు. ఏ కుటుంబంలో జన్మించాలి, ఏ నేల వారసత్వంగా రావాలి అన్నవి ఆ బాణం కోవలోకి రావచ్చు. కాని ప్రోనోటు మీద సంతకం పెట్టబోతున్న చేయి విడిచిన బాణం కాదు. ఆ బాణం ఇంకా వింటి మీదనే ఉంది. దానిని శాస్త్రం ఆగామి అంటుంది. ఆగామికి ప్రారబ్ధమనే పేరు పెట్టడం కర్మసిద్ధాంతం మీద భక్తి అనిపించుకోదు, అది దానికి చేసే అపచారం.

ఇటీవలి చరిత్ర ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను నాశనం చేసింది. పూతలో చేరి రసం పీల్చే ఆ సూక్ష్మకీటకం మీద ఎన్ని మందులు కొట్టినా ఫలితం కనబడక, ఎందరో రైతులు తోటలను దున్నివేశారు. సరకు తగ్గినందున ధర ఎగిసింది. 2023లో గుంటూరు మిర్చి యార్డులో మేలురకాలు క్వింటాలు 20,000 రూపాయలు దాటాయి. ఆ అంకెను చూచి మిరప వైపు పరుగు మొదలైంది. 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంతగా జారిందంటే, కేంద్రప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలను ప్రకటించవలసివచ్చింది. 2017లోనూ ఇదే కథ నడిచింది. నాటి పథకంలో ప్రకటించిన ధర 5,000 రూపాయలు మాత్రమే.

20,000 అనే అంకె ఎక్కడినుండి వచ్చింది? పొరుగువాని తోట దున్నబడినందువల్ల వచ్చింది. ఒకని నష్టం మరొకని ధరగా మారింది. ఆ ధర నిలుస్తుందని ఎవరూ వాగ్దానం చేయలేదు. అయినా దానినే శాశ్వతమైన ఆదాయంగా భావించి జరిగిన క్రయాలను పరిశీలించాలి. ఎకరం కౌలు పోటీమీద పెరిగింది. పాత ఇంటిమీద రెండవ అంతస్తు లేచింది. వాయిదాల మీద కారు వచ్చింది. కుమార్తె వివాహానికి బంధువుల వివాహాన్ని మించిన కల్యాణమండపం కుదిరింది. ఇవన్నీ కళ్లంలో ఆరబోసిన కాయను చూచి కాదు, ఇంకా నారుమడిలో ఉన్న మొక్కను చూచి తీసుకొన్న నిర్ణయాలు. లభించినదానిని ఆధారం చేసుకొని లభించబోవుదానిని కూడా తనదిగా లెక్కించే మనస్సును గీత 16వ అధ్యాయం ఆసురసంపద వర్ణనలో చేర్చింది. ఆ వర్ణన రాక్షసులకోసం మాత్రమే చెప్పినదని సాధకులు భావించడం పొరపాటు.

అయితే కర్షకుని దోషిగా నిలబెట్టే నీతిబోధకుల నోరు మూయించవలసిన ఘట్టం మహాభారతంలోనే ఉంది. అరణ్యపర్వంలో ద్రౌపది దైవవాదానికి ప్రతిగా పురుషప్రయత్నాన్ని సమర్థిస్తూ కర్షకునే దృష్టాంతంగా తెస్తుంది. భూమిని దున్ని విత్తనం చల్లిన తరువాత అతడు చేయగలిగినది లేదు, ఆపై పర్జన్యుడే కారణం. వాన అనుగ్రహించకపోతే కర్షకుడు పాపరహితుడు, ఇతరులు చేయదగినదంతా తానూ చేశాడు గనుక ఆత్మనింద చేసుకోనక్కరలేదని ఆమె తేల్చింది. అరణ్యవాస దుఃఖంలో ఉన్న స్త్రీ చెప్పిన ఈ మాటలో రైతుపట్ల ఉన్న న్యాయబుద్ధి అనేక ఉపన్యాసాలలో కనబడదు.

1987-88 సంవత్సరాలలో ఈ న్యాయబుద్ధి ఎంత అవసరమో అంతగా లోపించింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను అప్పుడు తెల్లదోమ, శనగపచ్చ పురుగు ముంచెత్తాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే కొత్త మందులు మొదట అద్భుతంగా పనిచేశాయి. వాటిని మితిమీరి వాడేకొద్దీ పురుగుకు నిరోధకశక్తి పెరిగింది, మిత్రకీటకాలు నశించాయి. మందు పనిచేయకపోతే మరింత మందు కొనడమే మార్గమని నమ్మించారు. కొన్న ప్రతి డబ్బా అప్పు ఖాతాలో చేరింది. పంట పోయింది, ఖాతా మిగిలింది. పత్తి రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ కుటుంబాలకు దక్కిన వేదాంతమేమి? తలరాత అన్న మాట, ఆత్మహత్య మహాపాతకమన్న తీర్పు. మందు అమ్మిన చేయీ, అప్పిచ్చిన చేయీ, పంటను తూకం వేసుకొన్న చేయీ తరచుగా ఒక్కటేనన్న సంగతిని విచారించినవారు తక్కువ. కరణాలూ చేష్టలూ హేతువులని గీత చెప్పినప్పుడు, ఆ కరణాన్ని అంటగట్టినవానికీ కర్మఫలం ఉంటుంది. పరుని అజ్ఞానాన్ని పెట్టుబడిగా చేసుకొన్న లాభం స్తేయమే. దానికి ప్రారబ్ధమనే ముసుగు చాలదు.

కౌలురైతు పరిస్థితి మరింత ఇరుకు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారునికి గుర్తింపు కార్డు ఇచ్చినా, దానికి భూయజమాని సమ్మతి కావాలి. సమ్మతి రాని చోట బ్యాంకు తలుపు తెరుచుకోదు. మిగిలేది ఎరువుల దుకాణం, కమీషన్ వ్యాపారి, చేబదులు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి 24 శాతం. నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది గనుక, అసలూ వడ్డీ కలిపి తిరగరాస్తారు. లక్ష రూపాయలు మూడేళ్లలో 1,72,000 అవుతుంది. ఆ మొత్తానికి మళ్లీ నోటు రాస్తే ఆరేళ్లు నిండేసరికి 2,95,000 దాటుతుంది. పునర్జన్మ అంటే ఏమిటో ఈ సీమలో పిల్లవానికి బోధించాలంటే ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. దేహం మారినా కర్మశేషం వెంట వచ్చినట్లు, కాగితం మారినా ఋణశేషం వెంట వస్తుంది.

కనుక పంట వేరు, పణం వేరు. విత్తడం ధర్మం. విత్తిన పంట నష్టపోతే రైతు నిర్దోషి. విత్తిన పంటకు ఇంకా రాని ధరను ఒడ్డి మేడనో, మండపాన్నో, కారునో తెచ్చుకోవడం సేద్యం కాదు, ద్యూతం. ఈ భేదాన్ని చెప్పని బోధ నిర్దోషిని అవమానిస్తుంది, ద్యూతాన్ని కప్పిపుచ్చుతుంది.

ద్యూతానికి ధర్మరాజుకన్న సాక్షి ఎవరు? మొదటి జూదంలో సర్వం పోయింది. ద్రౌపది కారణంగా ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చాడు. ఇంద్రప్రస్థానికి తిరిగి వెళుతున్న దారిలోనే మళ్లీ పిలుపు వచ్చింది. వినాశం తప్పదని తెలిసీ ధర్మరాజు వెనుదిరిగాడు. విధాత నియోగమనీ, వృద్ధరాజు ఆజ్ఞ అనీ కారణాలు చెప్పాడు. అనుద్యూతం ఫలితం పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. మొదటి ఆటకు అజ్ఞానం కారణమనవచ్చు. రెండవ ఆటకు ఆ నెపం కుదరదు. ఒక ఏడు ధర పడి, మరుసటి ఏడు అదే ఆశతో ఇంకా ఎక్కువ కౌలుకు సంతకం చేసే గృహస్థుడు ఆడుతున్నది అనుద్యూతమే. అతడు పొందినది పశ్చాత్తాపమే కాని ప్రాయశ్చిత్తం కాదు. తాపం దానంతట అదే చల్లారుతుంది. ప్రాయశ్చిత్తానికి మళ్లీ చేయననే నిశ్చయం కావాలి.

ఈ ద్యూతానికి భక్తివేషం కూడా ఉంది. దానిని ప్రశ్నించడానికి ఆస్తికులు జంకుతారు. పొరుగు ఊరి ధ్వజస్తంభంకన్న తమ ఊరి ధ్వజస్తంభం ఎత్తుగా ఉండాలని అప్పు తెచ్చి చందా వేసేవారు ఉన్నారు. శివరాత్రికి కోటప్పకొండకు తరలే ప్రభ మరొక ఊరి ప్రభను మించాలని ఇల్లు కుదువపెట్టేవానిని భక్తుడని మెచ్చుకొనేవారూ ఉన్నారు. ప్రత్యుపకారాన్ని ఆశించి, క్లేశంతో ఇచ్చినది రాజసదానమని గీత 17వ అధ్యాయం నిర్ణయించింది. త్రికోటేశ్వరునికి మారేడుదళం చాలు. ఎత్తు కావలసినది మాత్సర్యానికి. ఆ అప్పు కట్టలేక ఇల్లాలి మెడలోని పుస్తెలు తాకట్టుకు వెళ్లినప్పుడు ఆ పుణ్యమెవరిదో చందా పుస్తకం రాసినవారు చెప్పాలి.

ఆశ లేనిదే సేద్యమెక్కడిదని ఇక్కడ ఆక్షేపణ రావచ్చు. ఆక్షేపణ సమంజసమే. వాన వస్తుందనే విశ్వాసం లేకుండా ఎవడూ నాగలి పట్టడు. అప్పు లేకుండా విత్తనం కొనగలిగిన కౌలురైతు అరుదు. కాని విత్తనానికి చేసిన అప్పు కర్మకు సాధనం. ప్రతిష్ఠకు చేసిన అప్పు ఫలాన్ని ముందే భుజించడం. నిష్కామకర్మ అంటే లెక్క చూడకపోవడమని కొందరు భ్రమిస్తారు. ఫలం మీద అధికారం లేదని నిజంగా నమ్మినవాడు ఆ ఫలాన్ని తాకట్టు పెట్టలేడు. తనది కానిదానిని కుదువపెట్టే హక్కు ఎవరికీ లేదు. అందుచేత కర్మయోగానికి మొదటి పరీక్ష ధ్యానమందిరంలో కాక అప్పుపత్రం ముందు జరుగుతుంది.

ఈ సీమకు ఆ పాఠం చెప్పే దైవం మంగళగిరి కొండమీదనే ఉన్నాడు. పానకాల నరసింహస్వామి భక్తుడు తెచ్చిన పానకంలో సగమే స్వీకరించి సగం విడిచిపెడతాడని తరతరాల విశ్వాసం. బిందె చిన్నదైనా పెద్దదైనా సగమే. సర్వానికీ స్వామి అయినవాడు సగంతో తృప్తి చెందుతుంటే, కాయ తెంపకముందే పంటనంతా ఒడ్డే గృహస్థుడు ఏ దేవునికి మొక్కుతున్నట్లు? మెట్లెక్కి పానకం సమర్పించినవారు, ఆ విడిచిన సగాన్ని ప్రసాదంగా పుచ్చుకొన్నవారు, మిర్చి యార్డునుండి వచ్చే మంచి ఏటి సొమ్ములోనూ ఆ సగాన్ని ముట్టకుండా ఉంచగలగాలి. చెడు ఏడు తప్పక వస్తుంది. దానిని పంపేది దైవం కావచ్చు. అది వచ్చేనాటికి ఇంట్లో ఆ సగం ఉండడం, ఉండకపోవడం మాత్రం కర్త పని.