మార్చాల్సింది విండోస్‌ను, కంప్యూటర్‌ను కాదు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. 2015 జులై 29న వచ్చిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ మీదే మన ఇళ్లలో, దుకాణాల్లో, డీటీపీ సెంటర్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో ఎన్నో కంప్యూటర్లు నడుస్తూ వచ్చాయి. గడువు తీరిన మర్నాడు అవేవీ ఆగిపోలేదు. స్విచ్ వేస్తే తెర వెలిగింది, ఫైళ్లు తెరుచుకున్నాయి, ప్రింటర్ పనిచేసింది. అందుకే చాలామంది 'నడుస్తోంది కదా, నడవనీ' అని ఊరుకున్నారు. ఇంకొందరు దుకాణదారు మాట నమ్మి, నిక్షేపంలా ఉన్న యంత్రాన్ని తూకానికి వేసి కొత్తది తెచ్చుకున్నారు. ఈ రెండు దారులూ తప్పేనన్నది మా నిశ్చితాభిప్రాయం. ఇంటర్నెట్‌కు కలిపిన ఏ కంప్యూటర్‌లోనూ మద్దతు ఆగిన సిస్టమ్ ఉండకూడదు. అలాగని, సిస్టమ్‌కు కాలం చెల్లితే యంత్రానికీ కాలం చెల్లినట్లు కాదు.

ముందుగా 'నడవనీ' అనేవారి సంగతి. విండోస్‌లో బయటపడే లోపాలను సరిచేసే ప్యాచ్‌లను మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. విండోస్ 10, 11 రెండింటికీ లోపలి కోడ్ చాలావరకు ఒకటే. కాబట్టి విండోస్ 11లో ఒక రంధ్రం పూడ్చారంటే, అదే రంధ్రం విండోస్ 10లోనూ ఉండే అవకాశం ఎక్కువ. దాడి చేసేవాళ్లు చేసే పని ఇదే. కొత్త ప్యాచ్ రాగానే దాన్ని విప్పి, ముందు ఎలా ఉంది, ఇప్పుడు ఏం మారింది అని పోల్చి చూస్తారు. మారిన చోటే లోపం ఉన్నట్లు తెలిసిపోతుంది. ప్యాచ్ అందని యంత్రం మీదికి వెళ్లడానికి అంతకన్నా స్పష్టమైన దారి వాళ్లకు అక్కర్లేదు. అంటే విండోస్ 10 నిన్న ఎంత భద్రంగా ఉందో ఈరోజు అంతే భద్రంగా ఉండదు. నెల నెలా దాని ప్రమాదం పెరుగుతూ పోతుంది.

యాంటీవైరస్ ఉంది కదా అనేవారూ ఉన్నారు. విండోస్ 10లోని డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబరు దాకా అందిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పిన మాట నిజమే. కానీ యాంటీవైరస్ చేసేది తెలిసిన చెడ్డ ప్రోగ్రామ్‌ను గుర్తుపట్టడం. సిస్టమ్ మూలంలోనే ఉన్న లోపాన్ని అది సరిచేయలేదు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2017 మే 12న వాన్నాక్రై అనే మాల్‌వేర్ ప్రపంచం మీద పడింది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, బిట్‌కాయిన్లలో డబ్బు కడితేనే తెరుస్తామని బెదిరించింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు ఆ దాడికి చిక్కాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలలు గడిచినా వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. 2014 ఏప్రిల్ 8నే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ ఉత్పాతం చూసి అత్యవసరంగా ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చింది. రెండు నెలల ఆలస్యానికే అంత నష్టం జరిగితే, ఇక ప్యాచే రాని సిస్టమ్ మీద జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు లావాదేవీలు, రోగుల రికార్డులు నడపడాన్ని ఏమనాలి? మన డబ్బుతో పాటు మనల్ని నమ్మి వివరాలిచ్చిన వారి బతుకులనూ పణంగా పెట్టడమే అది.

కాబట్టి మారాలి. అయితే మారడమంటే వెంటనే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి పరుగెత్తడం కాదు. ఉన్న యంత్రం విండోస్ 11ను మోయగలదో లేదో ముందు చూసుకోవాలి. మైక్రోసాఫ్టే ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ సంగతి చెబుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇందులో చాలామంది ఆగిపోయేది టీపీఎం దగ్గరే. 2018 తర్వాత కొన్న ఎన్నో కంప్యూటర్లలో ఆ సదుపాయం ప్రాసెసర్‌తోనే వస్తుంది. ముఖ్యంగా అసెంబుల్ చేయించిన సిస్టమ్‌లలో అది బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది, అంతే. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో కనిపించే ఆ మీటను ఆన్ చేస్తే 'పనికిరాదు' అన్న యంత్రమే పనికొస్తుంది. అసలైన లైసెన్సున్న విండోస్ 10 నుంచి 11కు మారడానికి రూపాయి ఖర్చు లేదు. ఈ మాట చెప్పకుండా కొత్త కంప్యూటర్ అంటగట్టేవారిని వినియోగదారులు నిలదీయాలి.

అప్‌గ్రేడ్ అంటే జనానికున్న భయం కూడా అకారణమైనది కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరతో నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే ఏ మార్పుకైనా ముందు ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ కావాలి. పిల్లల ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు, టాలీ లెక్కల ప్రోగ్రామ్ డేటా ఒకే డిస్క్‌లో పెట్టుకుని అప్‌గ్రేడ్ నొక్కడం సాహసం కాదు, అజాగ్రత్త. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఎక్కిస్తే చాలా యంత్రాల్లో డిస్క్ మొత్తం దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దాన్ని తెరిచే రికవరీ కీ ఆ ఖాతాలో ఉంటుంది. ఎవరో సర్వీసు కుర్రాడి ఈమెయిల్‌తో ఇన్‌స్టాల్ చేయించుకుంటే, రేపు కీ అడిగిన రోజున మన ఫైళ్లు మనకే దక్కవు. సొంత ఖాతాతో చేయించుకుని, కీని కాగితం మీద రాసి దాచుకోండి. పది కంప్యూటర్లున్న ఆఫీసైతే ముందు ఒక్కదాన్ని మార్చి, వారం పాటు అన్ని పనులూ చేసి చూశాకే మిగతా వాటికి వెళ్లాలి.

ఇక విండోస్ 11 గడప తొక్కనివ్వని యంత్రాల మాట. ఇక్కడ మా అభ్యంతరం వాడకందారుల మీద కాదు, మైక్రోసాఫ్ట్ మీద. విండోస్‌లో విండోస్ 10యే చివరి వెర్షన్ అని 2015లో ఆ సంస్థ ప్రతినిధే ఒక సదస్సులో అన్నారు. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చింది. 2017లో ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్‌తో మంచి డెస్క్‌టాప్ కొన్నవారికి అప్పటికి నాలుగేళ్లు. ఆ ప్రాసెసర్లలో కొన్నింటికి తప్ప ప్రవేశం లేదన్నారు. టీపీఎం వల్ల భద్రత పెరుగుతుందన్నది నిజమే. కానీ అది లేని యంత్రానికి నెలవారీ ప్యాచ్‌లు కూడా ఆపేస్తే దాని భద్రత పెరుగుతుందా, తరుగుతుందా? విండోస్ 10 మద్దతు ముగింపుతో ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్తపాలు కావచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023లోనే అంచనా కట్టింది. 2022లో ప్రపంచం పోగేసిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్లు లెక్కల్లో ఉన్నది అందులో 22.3 శాతమే అని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. మిగిలినదానిలో కొంత మన నగరాల పాత సామాను గోదాముల్లో యాసిడ్‌లో ముంచి రాగి, బంగారం వెలికితీసే పేదవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళుతోంది. బాగున్న కంప్యూటర్‌ను ఆ కుప్పలో చేర్చే హక్కు ఏ కంపెనీకీ లేదు.

ఇలాంటి యంత్రాలకు పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకం (ఈఎస్‌యూ) ఒక ఊరట. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు 13 వరకు ప్యాచ్‌లు అందేలా దీన్ని పెట్టారు. 30 డాలర్లు కట్టాలి, లేదంటే మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను క్లౌడ్‌లో బ్యాకప్ చేసుకుంటే ఉచితం. ఇప్పటికీ విండోస్ 10తో ఇంటర్నెట్ వాడుతున్నవారు ఈ పథకంలో చేరకుండా ఉండటానికి ఏ సాకూ చెల్లదు. కానీ ఐరోపా ఆర్థిక ప్రాంత దేశాలవారికి ఆ బ్యాకప్ షరతు లేకుండానే ఉచితంగా ఇచ్చారు. అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాయి కాబట్టి ఇచ్చారు. భారతీయులకు ఎందుకు ఇవ్వరని అడగాల్సిన బాధ్యత కేంద్ర ప్రభుత్వానిది. సంస్థలకైతే ఒక్కో యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. చిన్న ఆఫీసులు దాని మీద ఖర్చు పెట్టడం కన్నా ఆ డబ్బును మార్పు మీద పెట్టడమే తెలివి.

ఆ మార్పు పేరు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఉబుంటు, లైనక్స్ మింట్ లాంటివి ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటర్ మీద హాయిగా నడుస్తాయి. పాత హార్డ్‌డిస్క్ తీసి ఒక ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఆ యంత్రమేనా ఇది అనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లోంచే బూట్ చేసి, ఉన్న డిస్క్‌ను ముట్టుకోకుండా ముందు వాడి చూసుకోవచ్చు. ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్లకు అయిదేళ్ల పాటు అప్‌డేట్లు ఉచితం. బ్రౌజర్, ఈమెయిల్, ఉత్తరాలు, లెక్కల షీట్లు, పిల్లల చదువు, సినిమాలు అన్నీ అందులో ఉన్నాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు దాదాపు రెండు దశాబ్దాలుగా లైనక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాయి. మన హైదరాబాద్‌లో పుట్టిన 'స్వేచ్ఛ' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మెనూలతో సహా తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎప్పుడో తయారుచేసి చూపింది. దాన్ని మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి బడికీ చేర్చి ఉంటే ఈరోజు ఈ గడువు మన పిల్లలకు లెక్కలోకే వచ్చేది కాదు.

అందరికీ లైనక్స్ సరిపోతుందని మేం అనం. టాలీ విండోస్ మీదే నడుస్తుంది. డిజిటల్ సంతకం టోకెన్ల డ్రైవర్లు తిప్పలు పెట్టవచ్చు. ఆడిటర్లకు, టాలీతో పద్దులు రాసే వ్యాపారులకు విండోస్ 11 తప్పదు. వారు కొత్త యంత్రం కొంటే అది దుబారా కాదు.

అన్నిటికన్నా ఇరుకున పడింది మన డీటీపీ సెంటర్లు. శుభలేఖలు, కరపత్రాలు, పరీక్ష పేపర్లు, ఊరి దేవాలయం రసీదు పుస్తకాలు, కవిత్వ సంపుటాలు ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో తయారవుతున్న చోట్లు ఎన్నో ఉన్నాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసింది. ఆ ఆపరేటర్ల వేళ్లకు ఆ కీబోర్డు అలవాటు, దశాబ్దాల ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. సిస్టమ్ మారిస్తే అక్షరాలు చెదిరిపోతాయన్న వారి భయాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. వారికి మేం చెప్పేది ఒకటే. ఆ పాత యంత్రాన్ని అలాగే ఉంచుకోండి, కానీ ఇంటర్నెట్ తీగ పీకేయండి, వైఫై ఆపేయండి. మెయిల్, వాట్సాప్ వెబ్, చెల్లింపులు మరో యంత్రంలో చూసుకోండి. కొత్త పనులను ఈరోజు నుంచే యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ప్రచురణకర్తలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ ముద్రణాలయాలు యూనికోడ్ ప్రతులే అడిగితే తప్ప ఈ చిన్న దుకాణాలు ఒంటరిగా మారలేవు. ఆ బాధ్యత పని ఇచ్చేవారిదే.

షరతులను దాటవేసి, పాత యంత్రం మీద బలవంతంగా విండోస్ 11 ఎక్కించి ఇచ్చే పని కూడా జోరుగా సాగుతోంది. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. 24హెచ్2 వెర్షన్ నుంచి మరీ పాత ప్రాసెసర్ల మీద అది అసలు బూట్ కాదు. సరదాకు ఇంట్లో చేసుకుంటే చేసుకోండి. క్లినిక్‌లో, బడిలో, సహకార సంఘంలో మాత్రం వద్దు.

చివరిగా ప్రభుత్వాలు. తహసీల్దార్ ఆఫీసుల నుంచి గ్రామ సచివాలయాల దాకా, ఠాణాల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా పౌరుల ఆధార్, భూమి, ఆరోగ్య వివరాలు ప్రభుత్వ కంప్యూటర్ల గుండానే వెళుతున్నాయి. వాటిలో ఇంకా విండోస్ 10, విండోస్ 7 మీద నడుస్తున్నవి ఎన్ని ఉన్నాయో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖలు శాఖలవారీగా లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి. విండోస్ 11కు పనికొచ్చేవాటిని వెంటనే మార్చాలి. పనికిరానివాటిలో బ్రౌజర్‌తో పని జరిగే ప్రతి యంత్రాన్నీ లైనక్స్‌కు మార్చి, మండలానికొక శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బందిని పెట్టాలి. ఇవి రెండూ పూర్తయి, లెక్క బయటపెట్టేదాకా కొత్త కంప్యూటర్ల కొనుగోలు టెండర్లు ఏ శాఖా పిలవరాదు. ఇకపై పిలిచే టెండర్‌లో యంత్రానికి ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తారో అమ్మేవాడు రాసివ్వాలి. ఆ గడువు కనీసం పదేళ్లు ఉండాలి.